అమ్మ ఎడమ చేయి

మార్చి 4

కొత్త నిబ్బు దరిద్రపుది. పేజీ 59 మూడుసార్లు పాడైంది. రేవులో క్రేన్ నడిపే అమ్మ దాని నిచ్చెన ఎక్కుతున్న బొమ్మ. ఇప్పటిదాకా గీసిన యాభై ఎనిమిది పేజీల్లో అమ్మ చేత ఆ నిచ్చెన పదిసార్లు ఎక్కించి ఉంటాను, ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. ఈ రోజు నాలుగో మెట్టు దగ్గర గీత పక్కకి జారింది. పాత రకం నిబ్బులు రావడం లేదని చెప్పి షాపువాడు ఇవి అంటగట్టాడు. రేపు తీసుకెళ్లి వాడి మొహాన కొడతాను.

మార్చి 5

నిబ్బు కాదు. కుర్చీ ఎత్తు. కింద రెండు లావు పుస్తకాలు పెట్టాను.

మార్చి 9

కుర్చీ కూడా కాదేమో.

కలం పట్టుకోగానే కుడి చేతి ఉంగరం వేలు తనంతట తానే అరచేతిలోకి ముడుచుకుపోతోంది. నేను ముడవడం లేదు. రెండో చేత్తో విప్పితే విచ్చుకుంటుంది, నిబ్బు కాగితానికి తగలగానే మళ్లీ మొదలు. కలం వదిలేస్తే ఏమీ లేదు. ఉల్లిపాయలు తరిగాను, సూదిలో దారం ఎక్కించాను, మా ఆయన తియ్యలేక మూల్గుతున్న సీసా మూత కూడా నేనే తీసిచ్చాను. ఈ డైరీ మాత్రం మొద్దు పెన్సిలు ముక్కని పిడికిట్లో పట్టుకుని రాస్తున్నాను.

ఇంత శుభ్రంగా పనిచేసే చేతికి జబ్బేమిటి? ఇరవై రెండేళ్లుగా గీస్తోంది, రెండ్రోజులు సెలవు కావాలంటోంది. ఇచ్చాను.

మార్చి 12

సెలవు అయిపోయింది. వేలు పనిలోకి రాలేదు.

మార్చి 17

నరాల డాక్టరుకి నా కంటే పదేళ్లు తక్కువుంటాయి. చేతికి కలం ఇచ్చి గియ్యమన్నాడు. వేలు వెంటనే ముడుచుకుంది, పరాయివాళ్ల ముందు కూడా మర్యాద లేకుండా.

"ఏం చేస్తుంటారు మీరు?"

"కామిక్ పుస్తకాలు గీస్తానండీ."

"రోజుకి ఎన్ని గంటలు?"

చెప్పాను. ఆయన తలూపాడు. వేలు బాగానే ఉందట. ఒకే పనిని ఏళ్ల తరబడి చేసీ చేసీ, మెదడు ఆ వేలికి పంపే కబురు చెడిపోయిందట. సూది మందుతో కొందరికి కొంత గుణం కనిపిస్తుందట, ముందు గియ్యడం ఆపి చూడమన్నాడు.

"ఎన్నాళ్లు?"

"చెప్పలేమండీ. ఏడాది ఆపి చూసినవాళ్లు ఉన్నారు."

"జూన్ ముప్పైకి నేను పుస్తకం ఇవ్వాలి."

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. నేనూ చూశాను, అందులో ఏడాది ఎక్కడా దొరకలేదు.

అమ్మకి ఇరవై ఆరేళ్లప్పుడు రేవులో గొలుసు పడి ఎడమ చేతి ఉంగరం వేలు సగం తెగిపోయింది. మూడు వారాలకి మళ్లీ క్రేన్ ఎక్కింది. "కింద కూర్చుని చీటీలు రాసుకో అమ్మా" అని మేస్త్రీ అంటే, "మీటకి ఎన్ని వేళ్లు కావాలో పైకెళ్లి మీటనే అడిగొస్తానుండండి" అందట. పేజీ 43 మొత్తం ఆ మాటే. మేస్త్రీ మొహం ఒక గడి, అమ్మ కాళ్లు నిచ్చెన మీద ఒక గడి, మళ్లీ మేస్త్రీ మొహం. అమ్మ పోయి రెండేళ్లయింది, ఆ పేజీ చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మార్చి 18

ఎవరికీ చెప్పను.

మార్చి 24

ఎడిటరు గారు ఇంటికే వచ్చేశారు. నెల రోజులుగా ఒక్క పేజీ పంపలేదు కదా. ఇంకు ఆరడం లేదని ఒకసారి, కాగితం అయిపోయిందని ఒకసారి చెప్పాను. ఆవిడ నమ్మినట్టు నటించారు. జూన్ ముప్పై దాటితే ప్రెస్సు దొరకదు, పుస్తకం అటకెక్కుతుంది. అది ఆవిడ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. తెలియనిది ఆవిడ సంచిలో ఉంది. పేజీ 59. గీసి, నీడలు వేసి, సిద్ధంగా.

బొంగరం గీసింది. నా దగ్గర మూడేళ్లు పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ముప్పై దాటింది. తిరిగే కుర్చీలో గిర్రున తిరుగుతూ ఆలోచించేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

"ఊరికే నమూనాకి వేయించానండీ. మీకు ఒంట్లో బాగోలేదేమోనని. నచ్చలేదా?"

"చాలా బాగుంది."

"మరి?"

"ఈవిడెవరు?"

నిజంగానే బాగుంది, అదే మంట. నిచ్చెన మీద ఒకావిడ, గాలికి జుట్టు ఎగురుతోంది, గడ్డం ఎత్తి ఆకాశంలోకి చూస్తోంది. అమ్మ జుట్టు జన్మలో ఎగరలేదు. అంత నూనె పెట్టేది. నిచ్చెన ఎక్కేటప్పుడు తర్వాతి మెట్టుని తప్ప దేన్నీ చూసేది కాదు, ఆకాశం దాకా ఎందుకు?

చివరికి ఒప్పందం కుదిరింది. ఏప్రిల్ రెండో వారం నుంచి వారానికి మూడు పేజీలకి తగ్గకూడదు. వరసగా రెండు వారాలు తప్పితే మిగతా పుస్తకం బొంగరానిది. ముప్పై ఎనిమిది పేజీలు. "సరేనండీ" అన్నాను, కుడి చేయి బల్ల కింద దాచుకుని.

మార్చి 25

ఇంకో చేయి ఉందిగా.

మార్చి 27

ఇంట్లో చెప్పక తప్పలేదు. ఎడమ చేత్తో నాలుగు వందల గీతలు గీశాను, బల్ల మీద, నేల మీద, నా మోచేతి మీద ఇంకు. మా ఆయన కళ్లద్దాల షాపు నుంచి వచ్చి ఆ భాగోతం చూసి, గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టారు. తర్వాత, "ఆ రోజు సీసా మూత నేనే తీసేవాణ్ని, నువ్వే తొందరపడ్డావు" అన్నారు. ఆయన భయపడితే ఇలాంటివే మాట్లాడతారు.

అమ్మాయి నాలుగు గీతల కాపీ పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. "రోజుకో పేజీ. కోడి కెలికినట్టుంటే మళ్లీ రాయిస్తాను." పదేళ్ల కిందట నేను దానికి చెప్పిన మాట, నా గొంతుతోనే. కడుపున పుట్టిన శత్రువు.

బయట ఎవరికీ చెప్పొద్దని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాను.

ఏప్రిల్ 3

ఒక సంగతి కనిపెట్టాను. కుడి చేతివాళ్లకి ఎడమవైపు చూస్తున్న మొహం తేలిగ్గా వస్తుంది, ఎవర్ని గియ్యమన్నా అటే చూపిస్తారు. కామిక్‌లో మనం చదివేది ఎడమ నుంచి కుడికి. కథ ముందుకెళ్తున్నప్పుడు మనిషి కుడివైపు చూడాలి. అది నేర్చుకోవడానికి నాకు మొదట్లో రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఎడమ చేత్తో గీస్తే అమ్మ కుడివైపే చూస్తోంది, అడక్కుండానే.

చిక్కల్లా ఎడమవైపు చూడాల్సినప్పుడు. ఆ మొహం ఎన్నిసార్లు గీసినా పళ్ల నొప్పితో ఉన్నట్టే వస్తోంది.

ఏప్రిల్ 12

పేజీ 59 పంపాను!

ఎడమవైపు చూపుకి ఉపాయం దొరికింది. అమ్మని పల్చటి కాగితం మీద నాకు తేలికైనట్టుగానే, కుడివైపు చూస్తున్నట్టు గీస్తాను. కాగితం తిరగేస్తాను. కింద దీపం వెలిగే లైటు బల్ల మీద పెట్టి, దాని మీద అసలు పేజీ పెట్టి, ఆ గీతల వెంబడే ఇంకు వేస్తాను. అమ్మ చక్కగా ఎడమవైపు చూస్తుంది. ఇంత సులువైన పనికి మూడు వారాలు జుట్టు పీక్కున్నాను.

ఏప్రిల్ 20

బాబాయి ఫోన్. వరసకి బాబాయి కాదు, నా పుస్తకాలన్నిటికీ మాటల బుడగల్లో అక్షరాలు రాసేది ఆయనే. ఇప్పటికీ చేత్తోనే రాస్తాడు. 61కి బుడగ చాలడం లేదని చెప్పి, పెట్టేసే ముందు, "అమ్మాయ్, బల్ల మీద దీపం ఇటు నుంచి అటు మార్చావా?" అని అడిగాడు.

"లేదే" అన్నాను.

మార్చాను. ఎడమ చేత్తో గీస్తే నీడ పడకుండా దీపం కుడివైపు ఉండాలి. ఆయనకెలా తెలుస్తుంది? ఊరికే అడిగి ఉంటాడు.

మే 4

68.

మే 11

70, 71. గీత వణకలేదు.

మే 19

ఎడిటరు గారు ఫోన్ చేసి, "ఈ మధ్య మీ గీతలో కొత్త బలం కనిపిస్తోందండీ" అన్నారు. నేను పొంగిపోయి, ఏ గీత, ఎక్కడ అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. మా ఆయన షాపు నుంచి భూతద్దం తెచ్చుకున్నాను. ప్రతి పేజీ మొదటి నుంచి చివరిదాకా భూతద్దం కింద చూస్తున్నాను. ఎక్కడా ఒక్క వణుకు లేదు. ఈ చేత్తో గీసిందని ఏ మొనగాడూ పట్టుకోలేడు.

డైరీ కూడా ఎడమ చేత్తోనే రాస్తున్నాను. అమ్మాయి ‘బాగు’ అని ఎర్ర సిరాతో రాసింది, అడక్కపోయినా.

మే 30

78 అయింది. మాటలు లేని పేజీ. గాలివాన, క్రేన్‌కి వేలాడుతున్న పెట్టె, కింద కాలు ఇరుక్కుపోయిన మనిషి. అమ్మ ఆ పెట్టెని అతని మీద పడకుండా దించాలి. ఆరు గడులు: తాడు, అమ్మ కన్ను, కింద మనిషి, అమ్మ కన్ను, మీట, చివరి గడి మొత్తం చేయి, పేజీలో సగం. పెట్టె దిగడం ఎక్కడా చూపించలేదు. చేతి పట్టు సడలడం చూస్తే చాలు, దిగిందని చదివేవాళ్లే అనుకుంటారు. బాబాయి "నాకు తిండి లేకుండా చేశావు" అంటాడు, రాయడానికి ఒక్క మాటా లేదు కదా.

గర్వంగా ఉంది. రాసుకోవచ్చు, ఎవరూ చదవరు.

జూన్ 7

85. ఇంక పదకొండే.

జూన్ 9

బాబాయి వచ్చాడు. ఆయన గడప దాటి ఎక్కడికీ వెళ్లడు. పేజీలు చంకలో పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకుండా 78 తీసి బల్ల మీద పరిచాడు.

"మీ అమ్మగారికి పోయింది ఏ చేతి వేలు?"

"ఎడమ."

"మరి ఇదేమిటి?"

చివరి గడి, సగం పేజీ చేయి. కుడి చేయి. ఉంగరం వేలు సగం.

"మీరు పొరబడ్డారు బాబాయ్" అన్నాను, చూస్తూ కూడా. ఆయన ఇంకో పేజీ పరిచాడు. ఇంకోటి. అమ్మ కుడివైపు చూస్తున్న గడుల్లో ఎడమ చేతి వేలు సగం ఉంది, సరిగ్గానే. ఎడమవైపు చూస్తున్న ప్రతి గడిలో ఎడమ చేతికి అయిదు వేళ్లూ ఉన్నాయి, కుడి చేతికి సగం లేదు. కాగితం తిరగేస్తే మొహం ఒక్కటే తిరుగుతుందా? చెయ్యీ తిరుగుతుంది. చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఇరవై ఏడు పేజీలు నాకు తెలియలేదు.

"నువ్వు ఎడమ చేత్తో గీస్తున్నావని 59 అప్పుడే తెలుసు. నీడ గీతలు ఇటు వాలేవి, అటు వాలుతున్నాయి. నువ్వే చెప్తావని ఊరుకున్నా. ఇది మాత్రం ఊరుకోలేకపోయా."

"ఎడిటరు గారు చూళ్లేదు, మా ఆయన చూళ్లేదు, మీకెలా కనిపించింది?"

"నేను మీ అమ్మగారిని ఎప్పుడూ చూడలేదు కదమ్మా. నువ్వు గీసినంత వరకే తెలుసు. అందుకని చూసుకుంటాను."

ఆయన వెళ్లాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. చిన్నప్పుడు అమ్మ నాకు జడ వేసేటప్పుడు ఎడమ చేత్తో పాయ పట్టుకునేది. ఆ సగం వేలి కొస మెడకి తగిలేది, చల్లగా, గుండ్రంగా. పదిహేనేళ్లు రోజూ తగిలింది. గీత వణికిందా లేదా అని భూతద్దం పెట్టి చూసుకున్నాను, అమ్మని చూడలేదు.

జూన్ 10

లెక్కపెట్టాను. అరవై ఒక్క గడులు.

జూన్ 11

ఎడిటరు గారికి మొత్తం చెప్పేశాను, డాక్టరు దగ్గర్నుంచి. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నోరు పారేసుకుని తేలికపడేదాన్ని. "ఇంత కష్టం ఎందుకు పడ్డారండీ" అన్నారు, నిజంగా బాధగా. తర్వాత పనిలోకి దిగారు. వేళ్లు బొంగరం కంప్యూటర్లో సరిచేస్తుంది, రెండ్రోజుల పని. మిగిలిన పదకొండు పేజీలూ దానిచేతే వేయించేద్దామన్నారు. "మీరు విశ్రాంతి తీసుకోండి. పుస్తకం మీదే కదా, పేరు మీదే ఉంటుంది."

అందులో ఒక్క తప్పు మాట లేదు. రేపు చెప్తానన్నాను.

జూన్ 12

చేతులెత్తేద్దామనే అనుకున్నాను. పొద్దున బొంగరమే ఫోన్ చేసింది.

"అక్కా, చేస్తాను, పెద్ద పనేం కాదు. ఒక్కటి చెప్పు. ఆ వేలు ఎక్కడ ఆగుతుంది? మధ్య కణుపు పైనా, కిందా?"

"కణుపు మీదే. కొంచెం పైకి."

"కొస ఎలా ఉంటుంది? గుండ్రంగానా, చదునుగానా?"

"గుండ్రంగా... ఒక పక్క చిన్న మడత. మీట పట్టుకున్నప్పుడు మిగతా వేళ్ల కంటే ముందు అదే కదులుతుంది. ఎందుకంటే..."

ఆగిపోయాను. అవతల కుర్చీ కిర్రుమంది, తిరుగుతోందన్నమాట.

"అక్కా, ఇది నా వల్ల కాదు. గీస్తాను, బాగానే ఉంటుంది. కానీ నేను గీస్తే ఎవరిదో సగం వేలు అవుతుంది."

"నేనే వేస్తాను" అన్నాను.

"మరి టైమో?"

"క్రేన్లు నువ్వు గీసిపెట్టు. గొలుసులు, ఓడలు, వాన, ఏం కావాలంటే అది. అమ్మ జోలికి రాకు."

"రాను తల్లీ" అంది. మార్చిలో దాని బొమ్మని ఎన్ని మాటలన్నానో దానికి ఎవరో చేరవేసే ఉంటారు. ఎడిటరు గారికి నేనే ఫోన్ చేశాను. "ముప్పైకి ఇవ్వకపోతే?" అన్నారు. "ఇస్తాను" అన్నాను. ఇంకు, కాగితం అని చెప్పిన కబుర్లలా ఇది అబద్ధం కాదు.

జూన్ 13

తొమ్మిది చేతులు.

పని ఇలా ఉంటుంది. తెల్ల ఇంకుతో ఎడమ చేతి ఉంగరం వేలు సగం చెరిపేస్తాను. ఆరాక, కణుపు మీద కొస గీస్తాను. తర్వాత కుడి చేతికి పోయిన సగం తిరిగి ఇస్తాను. ఇవ్వడం ఎంత తేలికో. తియ్యడానికే చెయ్యి రావడం లేదు. మొదటి మూడు గడుల దాకా అమ్మకి నొప్పి పెడుతున్నట్టే అనిపించింది. నాలుగో దాని దగ్గర అమ్మే విసుక్కుంటున్నట్టు అనిపించింది, "ఎంతసేపే, నాకు డ్యూటీ ఉంది" అని.

జూన్ 16

ఇరవై ఎనిమిది. భూతద్దం మా ఆయనకి తిరిగి ఇచ్చేశాను.

జూన్ 19

అరవై ఒకటి. బొంగరం గీసిన ఓడలు వచ్చాయి. నా ఓడల కంటే బాగున్నాయి. ఎవరికీ చెప్పను.

జూన్ 21

86, 87. ఇప్పుడు తిరగేసినప్పుడల్లా వేళ్లు పైకే లెక్కపెడుతున్నాను. అమ్మాయి అటుగా వెళ్తూ, "ఒకటో తరగతి అయిపోయిందనుకున్నానే" అంది.

జూన్ 24

89, 90. గీతలు అక్కడక్కడ వణికాయి. వణకనీ.

జూన్ 26

93. సూది మందుకి జూలైలో రమ్మన్నాడు డాక్టరు. చూద్దాం.

జూన్ 28

95. ఒక్క పేజీ.

జూన్ 29

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

పేజీ 96, అమ్మ డ్యూటీ ఆఖరి రోజు. ఆఖరిసారి నిచ్చెన దిగుతుంది. చివరి గడిలో చివరి మెట్టు, దాన్ని వదలబోతున్న చేయి, పెద్దగా. ఏడాది కిందట వేసుకున్న చిన్న రఫ్ బొమ్మలో అది కుడి చేయి. కాదు, ఎడమ చేయే ఉండాలి అనుకున్నాను. ఇన్ని పేజీలు చదివినవాళ్లు ఆఖర్న ఆ వేలు చూడకుండా పుస్తకం ముయ్యకూడదు.

పదిసార్లు గీశాను, కుదరలేదు. వదలబోయే చేయి అది. పట్టుకున్నట్టే వస్తోంది, లేదంటే ఎవరికో టాటా చెప్తున్నట్టు వస్తోంది. ఎదురుగా చెయ్యి ఉంటే తప్ప లాభం లేదు. నా ఎడమ చేయి చూసి గీద్దామంటే కలం దాని దగ్గరే ఉంది. అమ్మాయి చెయ్యి పెట్టింది గానీ, దానివి పొడుగు వేళ్లు, వాళ్ల నాన్న వేళ్లు. నా చేతులు మాత్రం అచ్చం అమ్మ చేతులే, ఆ మాట అందరూ అనేవాళ్లు.

మిగిలింది కుడి చేయి. అది మూడు నెలలుగా బల్ల మీద కాగితం కదలకుండా నొక్కిపెడుతోంది, అంతకంటే పని చెప్పలేదు దానికి.

"ఏమండీ, షాపులో కస్టమర్లు మొహం చూసుకునే అద్దం ఉంటుందే, స్టాండుది, అది తెస్తారా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

తెచ్చారు. ఎందుకని అడగలేదు. బల్ల అంచుకి అద్దం నిలబెట్టాను. కుడి చెయ్యి దాని ముందు పెట్టి, వేళ్లలో ఎండిపోయిన పాత కలం ఇరికించాను. ఒక్క క్షణం. ఉంగరం వేలు ఎప్పట్లాగే ముడుచుకుపోయింది, సరిగ్గా మధ్య కణుపు దగ్గరికి. కలం మెల్లగా జార్చాను. మిగతా వేళ్లు విచ్చుకోబోతున్నాయి, ఆ వేలు ఇంకా విచ్చుకోలేదు.

అద్దంలో ఎడమ చేయి ఉంది. ఉంగరం వేలు సగం. చివరి మెట్టు వదలబోతోంది.

మా ఆయన వెనక నిలబడి ఉన్నారు. "అత్తయ్యగారు" అన్నారు, మెల్లగా.

"ఊఁ, కదలకండి, వెలుతురు పోతోంది" అన్నాను. మార్చి నుంచి ఆ వేలిని దాచాను, తిట్టాను, బల్ల కింద పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు. చూస్తే ఎప్పుడో కనిపించి ఉండేది. కలం జారినప్పుడల్లా మళ్లీ ఇరికించి, మళ్లీ జార్చి, అద్దంలో చూస్తూ ఎడమ చేత్తో గీశాను. మడత ఉన్న పక్క నాకు గుర్తుంది, అది అద్దంలో లేదు, నేను పెట్టాను.

జూన్ 30

తొంభై ఆరు పేజీలూ మధ్యాహ్నం పంపించాను. చివరి గడికి కాగితం తిరగెయ్యలేదు.